పీల్చే మందుకు పరీక్ష: హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు

మా కాణిపాకంలో తగవు తేలకపోతే వరసిద్ధి వినాయకుని ముందు ప్రమాణం చేయిస్తారు. పెద్దమనిషి ఒట్టేసి చెప్పాడంటే ఊరు నమ్ముతుంది. ఒక మందు క్షేమమా కాదా అన్న తగవు మాత్రం ఎంత పెద్దమనిషి మాటతోనూ తేలదు. అందుకు హైదరాబాదులోనే ఒక ఉదాహరణ ఉంది.

1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్ ఆవిరిని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాది మొదట్లోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే మరణించింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? నలభై ఏళ్ళు వైద్యులు వాదించుకున్నారు. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ తన గురువు సైమ్ మాటనే పట్టుకున్నాడు: ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు ముప్పు లేదు.

1888లో ఆయన ఏర్పరచిన మొదటి కమిషన్ ఆ మాటనే బలపరిచింది. 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, ఇలా వందల జంతువులపై ప్రయోగాలు జరిగాయి. గుండెకు ప్రమాదం ఉందనుకుంటూ వచ్చిన బ్రంటన్ చివరికి లారీ పక్షమే చేరాడు.

ఇక్కడ విద్యార్థులు కాస్త ఆగాలి. ఎవరూ అబద్ధమాడలేదు, ప్రయోగాల సంఖ్యా తక్కువ కాదు. కానీ కత్తి కింద భయంతో వణుకుతూ సగం మత్తులో ఉన్న మనిషికి ఆ జంతువులు ఎంతవరకు సాటి? 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి, తేలిక మత్తులో ఉండగా అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపాడు. ఊపిరిని కనిపెట్టాలన్న లారీ సలహా నిలిచింది, గుండెకు ముప్పు లేదన్న తీర్పు కూలింది. లారీని ఎగతాళి చేయడం తేలిక. నాకైతే ఆయన జాగ్రత్తే ఆయన్ను మోసం చేసిందనిపిస్తుంది.

ఇప్పుడు ఇదే చిక్కు నైట్రస్ ఆక్సైడ్ దగ్గర వచ్చింది. పళ్ళ డాక్టర్లు వాడే ఈ వాయువును, మందులకు లొంగని డిప్రెషన్‌కు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. 20 మంది రోగులకు ఒకసారి గంటసేపు ఈ వాయువు, మరోసారి ఉత్తుత్తి వాయువు ఇచ్చారు. ఏది ఎప్పుడో రోగికి చెప్పలేదు. అసలు వాయువుతో ఎక్కువ ఉపశమనం కనిపించింది. 2021లో సగం మోతాదు, అంటే 25 శాతం వాయువుతోనూ దాదాపు అంతే ఫలితం, తక్కువ ఇబ్బందులు కనిపించాయి. అయితే తల తేలిపోతే రోగి అసలు వాయువును పసిగట్టేస్తాడు. అప్పుడు దాపరికం ఏం మిగిలినట్టు?

వృద్ధుల దగ్గర మరో సాటి ప్రశ్న వస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ శరీరంలోని బి12 విటమిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. వయసు మళ్ళినవారిలో, అందులోనూ శాకాహారుల్లో, అది ముందే తక్కువగా ఉండవచ్చు. నేనూ ఆ వయసువాణ్ణే. పడుచువారిలో వచ్చిన ఫలితాన్ని నాకు అంటగడితే ఒప్పుకోను. ముందు నా రక్తంలో బి12 ఎంతుందో చూడమంటాను.