నడుమ కూర్చున్నదెవరు?

2014 జులై 2, బుధవారం. తెలంగాణ పుట్టి ఆ రోజుకి సరిగ్గా నెల. జూన్ అంతా వాన మొహం చాటేసింది. నిజామాబాద్ జిల్లా వర్ని రైతులు ఒక కన్ను నిజాంసాగర్ కాలువ మీద, ఇంకో కన్ను రుణమాఫీ మీద వేసి కూర్చున్నారు. అప్పట్లో పహాణీ నకలు కావాలంటే మీసేవకు పోవాల్సి వచ్చేది. ఆ కాగితం కింద సిరా సంతకం ఉండేది కాదు, డిజిటల్ సంతకం ఉండేది. మన దేశంలో అలాంటి సంతకాలన్నిటికీ తల్లివేరు ఢిల్లీలో ఉంది. ఆ వేరుకు చీడ తగిలిందని సరిగ్గా ఆ బుధవారం నాడే గూగుల్ భద్రతా బృందానికి తెలిసింది.

వాళ్ళ కంట పడినవి కొన్ని సర్టిఫికెట్లు, అంటే ఈ సైటు ఫలానా వారిదేనని చెప్పే డిజిటల్ ముద్రలు. ఉన్నది గూగుల్ పేరు మీద, కానీ గూగుల్ వాటిని అడగలేదు. ఇచ్చింది ఏ ఊరూ పేరూ లేని కంపెనీ కాదు. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్, అంటే మన కలెక్టరేట్లలో కనిపించే ఎన్‌ఐసీ. దాని పైన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, పొట్టిగా సీసీఏ. 2000 నాటి ఐటీ చట్టం పుట్టించిన అధికార పీఠం అది. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ బ్యాంకులకు సర్టిఫికెట్లు ఇచ్చేది కూడా ఈ సీసీఏ లైసెన్సుతోనే. సీసీఏ మూల సర్టిఫికెట్‌ను మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లో నమ్మదగినవాళ్ళ జాబితాలో పెట్టుకుంది. కాబట్టి అప్పట్లో ఎన్‌ఐసీ ఎవరి పేరు మీద ముద్ర కొట్టినా విండోస్ కంప్యూటర్ కళ్ళు మూసుకుని నమ్మేది. ఫైర్‌ఫాక్స్ మాత్రం సొంత జాబితా పెట్టుకుంది, అందులో మన సీసీఏ లేదు. ఆ ఒక్క కారణంతో అది ఈ గండం నుంచి బయటపడింది.

దొంగ సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఏమీ జరగదు. దాన్ని పట్టుకుని దారి నడుమ కూర్చునేవాడు కావాలి. ఆ నడుమ చోటు పేరే ప్రాక్సీ.

ప్రాక్సీ దొంగ సరుకేమీ కాదు. బ్యాంకులో, కాలేజీలో, సర్కారు ఆఫీసులో కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్ గడప దాటకుండా మధ్యలో పెట్టుకునే యంత్రం. వడ్ల లారీకి చెక్‌పోస్టు ఎలాగో ఇదీ అంతే. చెక్‌పోస్టులో రెండు పద్ధతులుంటాయి. వే బిల్లు చూసి ఎక్కడికని అడిగి వదిలేయడం ఒకటి. టార్పాలిన్ తాడు విప్పించి, బస్తాలు చూసి, మళ్ళీ తన తాడుతో కట్టి పంపడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో కంప్యూటర్ ప్రాక్సీకి "కనెక్ట్" అని ఒక్క మాట, వెళ్ళాల్సిన చిరునామా, 443 అనే తలుపు నంబరు చెబుతుంది. ప్రాక్సీ "200" అని జవాబిచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత జరిగే రహస్య సంభాషణ దానికి వినపడదు. రెండో పద్ధతిలో ప్రాక్సీయే బ్యాంకు వేషం వేసుకుని మీతో మాట్లాడుతుంది, మీ వేషం వేసుకుని బ్యాంకుతో మాట్లాడుతుంది. వేషం కట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. అప్పటికప్పుడు అదే ఒకటి తయారు చేసుకుని తన ముద్ర వేసుకుంటుంది. ఆ ముద్రను మీ కంప్యూటర్ ఎరగకపోతే తెర మీద ఎర్ర హెచ్చరిక వస్తుంది.

ఆ ఎర్ర తెర రావాల్సిన చోట రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఏడాదిన్నర వెనక్కి, టర్కీ రాజధాని అంకారాకు వెళ్ళాలి. అక్కడ బస్సులూ మెట్రో నడిపే మునిసిపల్ సంస్థ ఈజీఓ. 2011 ఆగస్టులో టర్క్‌ట్రస్ట్ అనే సర్టిఫికెట్ సంస్థ దానికి మామూలు సర్టిఫికెట్ ఇవ్వబోయి, పొరపాటున ఇతరులకు కూడా ముద్రలు కొట్టగల అధికార సర్టిఫికెట్ ఇచ్చేసింది. అడిగింది దుకాణం లైసెన్సు, చేతికొచ్చింది తహసీల్దారు స్టాంపు. ఏడాదికి పైగా అది ఒక మెయిల్ సర్వర్‌లో పడి ఉంది, దాని శక్తి ఎవరికీ పట్టలేదు. 2012 డిసెంబర్ 6న దాన్ని తీసి చెక్‌పాయింట్ కంపెనీ ఫైర్‌వాల్‌లో పెట్టారు. ఆ ఫైర్‌వాల్ రెండో పద్ధతి ప్రాక్సీ, తాడు విప్పే రకం. అదే రోజు అది గూగుల్ పేరు మీద ఒక సర్టిఫికెట్ పుట్టించింది.

ఇలాంటి యంత్రం పెట్టిన ఏ ఆఫీసులోనైనా మర్నాడు పొద్దున ఫోన్లు మోగుతాయి. "సార్, అన్నీ ఎర్రగా వస్తున్నాయి" అని. ఇక్కడ మోగాల్సిన అవసరమే లేదు. అప్పట్లో ప్రధాన బ్రౌజర్లన్నీ టర్క్‌ట్రస్ట్‌ను నమ్మేవి, టర్క్‌ట్రస్ట్ ఈ సర్టిఫికెట్‌ను నమ్మింది. ప్రాక్సీ బిగించేవాడు కలలో కోరుకునే స్థితి అది, ఒక్క కంప్లయింట్ కూడా లేని ప్రాక్సీ.

డిసెంబర్ 24, సోమవారం పొద్దుపోయాక, ఒక క్రోమ్ బ్రౌజర్ మొరాయించింది. 2011 నుంచి క్రోమ్‌లో ఒక చాదస్తం ఉంది. గూగుల్ సైట్లకు ఫలానా కొద్దిమంది ముద్రలే చెల్లుతాయని లోపలే రాసిపెట్టుకుంది. దీన్నే పిన్నింగ్ అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ అనే సంస్థ కొంప మునిగింది కూడా ఈ చాదస్తంతోనే. 2011 ఆగస్టులో ఇరాన్‌లో ఒక జీమెయిల్ వాడకందారుకు క్రోమ్ హెచ్చరిక చూపించింది. తీగ లాగితే డొంకంతా కదిలి, సెప్టెంబర్‌కల్లా డిజినోటార్ దివాలా తీసింది. అంకారా సంగతిలో గూగుల్ మర్నాడే, క్రిస్మస్ పండగ పూటే, ఆ సర్టిఫికెట్‌ను అడ్డుకుంది. 2013 జనవరి 3న లోకానికి చెప్పింది. దురుద్దేశంతో వాడిన ఆధారం లేదని టర్క్‌ట్రస్ట్ చెప్పుకుంది. నాకూ అదే నమ్మాలనిపిస్తుంది. పని జరిగిపోతుంటే ఎందుకు జరుగుతోందని ఎవరు ఆగి అడుగుతారు?

మళ్ళీ 2014 జులైకి. గూగుల్ వెంటనే ఎన్‌ఐసీకి, సీసీఏకి, మైక్రోసాఫ్ట్‌కి కబురు పంపి, ఆ సర్టిఫికెట్లను క్రోమ్‌లో అడ్డుకుంది. జులై 3న ఎన్‌ఐసీ ఇతరులకు ముద్రలు కొట్టడానికి వాడే మధ్యస్థ సర్టిఫికెట్లన్నిటినీ సీసీఏ రద్దు చేసింది. ఒక్క రోజులో ఇంత కదలిక ఢిల్లీలో అరుదు, మెచ్చుకోవాల్సిందే. జులై 8న గూగుల్ ఇంజినీరు ఆడమ్ లాంగ్లీ ఈ సంగతి బయటపెట్టాడు. అప్పుడు సీసీఏ విచారణ ఫలితం పంపింది. ఎన్‌ఐసీలో సర్టిఫికెట్లు ఇచ్చే వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారు, బయటికి వెళ్ళినవి నాలుగే, మొదటిది జూన్ 25న, మూడు గూగుల్‌వి, ఒకటి యాహూది.

నాలుగే అన్న మాట గూగుల్ ఒప్పుకోలేదు. ఆ నాలుగింటిలో లేనివి కూడా తమ కంట పడ్డాయనీ, చొరబాటు ఎంత దూరం పోయిందో తేలలేదనే అనుకోవాల్సి వస్తోందనీ మొహమాటం లేకుండా రాసింది. జులై 10న మైక్రోసాఫ్ట్ విండోస్‌కు సవరణ పంపింది. అందులో జాగ్రత్త పడాల్సిన చిరునామాలు 45 ఉన్నాయి. ఎన్‌ఐసీ సర్టిఫికెట్ల కౌంటర్ మూతపడింది. కొత్త దరఖాస్తులు తీసుకోబోమని దాని వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టారు. క్రోమ్ ఇంకో అడుగు వేసింది. ఇక మీదట భారత సీసీఏ ముద్ర ఏడు చిరునామాల కింద మాత్రమే చెల్లుతుందని గిరి గీసింది. గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, రిజర్వ్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఎన్‌కోడ్, టీసీఎస్, అంతే. సార్వభౌమ దేశపు ముద్రకు ఒక ప్రైవేటు కంపెనీ బ్రౌజర్ హద్దురాళ్ళు పాతింది. దీని మీద మన దగ్గర చర్చ జరగాల్సినంత జరగలేదు.

ఈ కథ వర్నికి ఎందుకు చెప్పాలంటే, ఆమధ్య అక్కడ ఒక ఆన్‌లైన్ కౌంటర్‌లో కూర్చున్నాను. దాని లైను పై ఆఫీసు ప్రాక్సీ గుండా పోతుంది. తెర ఎర్రబడింది. కుర్రాడు చెయ్యి ఆపకుండా మౌస్ కిందికి లాగాడు.

"ఏం కాదన్నా. కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటది, గది నొక్కి ప్రొసీడ్ అంటే పోతది."

"గా సర్టిఫికెట్ ఎవలిచ్చిన్రో చూసినవా తమ్మీ?"

"చూస్తే ఏమొస్తదన్నా? జనం లైన్ల ఉన్నరు."

జనం లైన్‌లో ఉన్న మాట నిజమే. కానీ చూడటానికి పట్టేది అర నిమిషం. ముందు తెర కింద మూలన గడియారం చూశాం. తేదీ ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. లోపలి బటన్ సెల్ చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ పాత కాలానికి వెళ్ళిపోతుంది. దాని లెక్క ప్రకారం ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. పల్లె కౌంటర్లలో చాలా ఎర్ర తెరలకు మందు ఆ బిళ్ళంత సెల్లే. తేదీ సరిచేశాం. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే సైటు శుభ్రంగా తెరుచుకుంది. ఆఫీసు లైనులో మళ్ళీ ఎరుపు. అంటే తకరారు సైటులో లేదు, నడుమ ఉంది.

ప్రాక్సీ సమస్యల్లో సగం దాని జవాబు నంబరే చెప్పేస్తుంది. 407 వస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతోందని. 403 అయితే ఆ చిరునామాకు అనుమతి లేదని. 502, 504 అయితే అవతలి గడప దాకా ప్రాక్సీకే దారి దొరకలేదని. మాకు వచ్చింది 200. తలుపు తీశాక తగాదా వచ్చిందంటే ఇక చూడాల్సింది సర్టిఫికెటే. తెరిచి చూస్తే "ఇష్యూడ్ టు" దగ్గర సైటు పేరు బాగానే ఉంది. "ఇష్యూడ్ బై" దగ్గర ఒక ఫైర్‌వాల్ పేరుంది. తాడు విప్పి కట్టింది ఎవరో అక్కడ రాసే ఉంది. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే, అది మన ఆఫీసు ఫైర్‌వాలేనా? పై ఆఫీసుకు ఫోన్ చేసి, సర్టిఫికెట్ వేలిముద్ర అంకెలు చదివించుకుని, పోల్చి చూసి, వాళ్ళ మూల సర్టిఫికెట్‌ను విండోస్‌లో ఎక్కించాం. ఎరుపు పోయింది.

బ్రౌజర్‌లో మాత్రమే పోయింది. పక్కనున్న బిల్లుల సాఫ్ట్‌వేర్ పొద్దుటిలాగే "పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటోంది. అది జావాలో రాసింది. జావా విండోస్ మాట వినదు, సీఏసెర్ట్స్ అనే సొంత ఖజానాలో చూసుకుంటుంది. అక్కడ కూడా అదే సర్టిఫికెట్ ఎక్కించాక గానీ దారికి రాలేదు. బ్రౌజర్‌లో వస్తోంది, సాఫ్ట్‌వేర్‌లో రావట్లేదు అని మొత్తుకునే వాళ్ళలో చాలామందికి జబ్బు ఇదే. ఇక పిన్నింగ్ ఉన్న యాప్‌లు, అటువైపు సర్వర్ మన దగ్గర నుంచి కూడా సర్టిఫికెట్ అడిగే సేవలు తాడు విప్పే ప్రాక్సీతో ఎంత బతిమాలినా కుదరవు. ఆ చిరునామాలను తాడు విప్పకుండా వదలమని ప్రాక్సీ చూసేవాళ్ళకే చెప్పాలి.

ప్రోగ్రాముల్లో ప్రొసీడ్ బటన్ ఉండదు కదా, అక్కడ ఇంకా ఘోరం జరుగుతుంది. టెస్టింగ్‌లో అడ్డొస్తోందని సర్టిఫికెట్ తనిఖీనే ఆపేసే ఒక్క లైను రాస్తారు. పని అయిపోతుంది, లైను మిగిలిపోతుంది. జనం ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు దాని మీదుగానే పోతుంటాయి. బటన్ నొక్కే వర్ని కుర్రాడిది తొందర, ఆ లైను రాసిన ఇంజినీరుది తెలిసి చేసిన తప్పు. ఇద్దరినీ ఒకే గాట కట్టలేను.

సీసీఏ సంగతి 2014తో ముగియలేదు. 2023 ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ దేశీ బ్రౌజర్ తయారు చేయమని పోటీ పెట్టింది. బహుమతుల మొత్తం 3 కోట్ల రూపాయలు దాటింది. షరతుల్లో ఒకటి, ఆ బ్రౌజర్ సీసీఏ మూల సర్టిఫికెట్‌ను నమ్మాలి. 2025 మార్చిలో మొదటి బహుమతి జోహోకు వచ్చింది. ఆ బ్రౌజర్ వర్ని కౌంటర్ల దాకా వచ్చినప్పుడు, ఏ చిరునామాల కింద సీసీఏ ముద్ర చెల్లాలో గిరి గీసేది ఎవరన్నది ఇంకా అడగాల్సే ఉంది.