కొండబిడ్డయు కాలేజీ హాస్టలును

విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలుమార్గమున, సొరంగముల నడుమ, బొర్రా గుహల స్టేషను గలదు. గుహలు చూడవచ్చువారు అచట దిగుదురు. పైచదువులకు పోవు కొండపిల్లలు అచటనే బండి యెక్కుదురు. ఈ రెండవవారిని గూర్చియే మేము ముచ్చటింపనెంచితిమి.

ఆ పిల్లల చరిత్రలో 1997వ సంవత్సరము విచిత్రమైనది. ఆ యేటి జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ‘సమత’ వ్యాజ్యెమున తీర్పు చెప్పుచు, షెడ్యూలు ప్రాంతపు సర్కారు భూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదనెను. బొర్రా చుట్టుపట్ల గనుల కౌళ్లే ఆ వ్యాజ్యెమునకు మూలము. ఆ యేటనే ఆంధ్రప్రదేశ శాసనసభ ర్యాగింగు నిషేధ చట్టమును చేసెను. మఱియు ఆ యేటనే, దూబగుంట స్త్రీలు 1992లో రేపిన సారా వ్యతిరేకోద్యమము ఫలితముగా 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము సడలింపబడెను. బిడ్డకు నేల దక్కెను, బడిలో రక్షణ దక్కెను. హాస్టలు వీథిలో సీసాల దుకాణమును తెఱవబడెను.

“కొండవారికి కల్లు క్రొత్తయా?” యని పట్టణమువారు నవ్వుదురు. ఈ మాట విని విని మాకు విసుగుపుట్టినది. జీలుగుకల్లు ఆ కొండలలో ఉన్నమాట నిజమే. దానిపై సర్కారు విధించిన కట్టడియు, కల్లు పాటదారుల దోపిడియు 1879 నాటి రంప పితూరికి గల కారణములలో నొకటి. ఆ త్రాగుడు మంచిదని మేమనము. దాని వలనను కాపురములు చెడినవి. కాని పండుగనాడు అవ్వతాతల యెదుట పంచుకొను కల్లు వేఱు, అర్ధరాత్రి తలుపు గడియవేసి “ఒక్క గుక్కలో త్రాగు, లేకున్న నీవు మావాడవు కావు” అని నోటికందించు సీసా వేఱు. మొదటిదానికి వేళ గలదు, పెద్దల కన్ను గలదు. రెండవదానికి అవి లేవు. అది విందు కాదు, పరీక్ష. తప్పినవానికి అవమానము, నెగ్గినవానికి అపాయము.

ఈ పరీక్ష మన దేశమున పుట్టినది కాదు, నేటిదియు కాదు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో ఆథెన్సునకు చదువవచ్చిన క్రొత్తవారిని పాత విద్యార్థులు గేలిచేసి, స్నానశాలకు ఊరేగించుకొనిపోవు తీరును గ్రెగరీయను క్రైస్తవాచార్యుడు వ్రాసియుంచెను. తన మిత్రుడైన బేసిలునకు ఆ బాధ తప్పించినందుకు అతడెంతయో సంతసించెను. పారిసు విశ్వవిద్యాలయములో క్రొత్తవానిని ‘పసుపుముక్కు పిట్ట’ యని పిలిచి, వాని ఖర్చుతో విందారగించెడివారు. 1340లో దానిని నిషేధింపవలసివచ్చెను. వీనికంటె మాకు నచ్చినది 533లో జస్టీనియను చక్రవర్తి యిచ్చిన శాసనము. న్యాయవిద్యార్థులు క్రొత్తవారిని ఆటపట్టించి హింసింపరాదని చెప్పి ఊరకుండక, దానిని ఆపవలసిన భారమును అధికారికిని, బిషప్పునకును, ఉపాధ్యాయులకును పేరుపేరున అప్పగించెను. నిషేధము ఎవనిదో ఒకనిది కానిచో ఎవనిదియు కాదని అతడెఱుగును.

మన ఆపస్తంబుడు గురువు శిష్యుని పుత్రునివలె చూడవలెననియు, చదువునకు చెఱుపు కలుగునట్లు వానిని తన పనులకు వాడుకొనరాదనియు విధించెను. ఎంత చక్కని మాట! అయినను మనము పొంగిపోవలదు. ఆ గురుకులముల వాకిట బొర్రా బిడ్డకు తావు లేదు.

ఇక మన కాలము. 2009 మార్చిలో హిమాచలప్రదేశములోని యొక వైద్యకళాశాలలో, త్రాగియున్న పై తరగతివారు కొట్టగా మొదటి సంవత్సరపు విద్యార్థి ప్రాణములు విడిచెను. ఆ యేటనే యూజీసీ గట్టి నియమములు చేసెను. క్రొత్తవారిని వీలైనంతవఱకు వేఱు భవనమున నుంచవలెను. నేరము జరిగినచో సంస్థాధిపతి 24 గంటలలో పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. 2016లో జాతి, కులము, భాష, పుట్టినచోటు, రూపము, పేదఱికము ఆధారముగా చేయు హింసయు ర్యాగింగే యని చేర్చిరి. ఇంటిలో వేఱు భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్వవలసిన పిల్లవానికి ఈ చేర్పు ఎంత అవసరమో వేఱుగ చెప్పనేల?

నియమములున్నవి, సాక్షులెచ్చట? 2015లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ విద్యార్థిని యొకతె హాస్టలులో ఆత్మహత్య చేసికొనెను. ప్రభుత్వము విచారణ సంఘమును వేసెను. వ్యాజ్యెము తొమ్మిదేండ్లు నడచి, 2024లో రుజువు చాలదని గుంటూరు న్యాయస్థానము కొట్టివేసెను. న్యాయమూర్తులు సాక్ష్యమును బట్టియే పోవుదురు. అయితే హాస్టలులో సాక్ష్యము చెప్పవలసినవాడు ఆ పంక్తిలోనే కూర్చుండి తినవలె, ఆ గదిలోనే నిద్రింపవలె. ఆ భయమును తీర్పని చట్టము సగము చట్టమే.

మద్యము విషయమున ఇంకొక చిక్కు గలదు. ఒక్కసారిగ మితిమీరి త్రాగినవాడు స్పృహ తప్పిన పిమ్మటను, కడుపులోని మద్యము నెత్తురులో చేరుచునే యుండును. “పండుకొన్న తేఱుకొనును” అని తోడివారు వానిని వదలి పోవుదురు. వెల్లకిల పడియున్నవానికి వాంతి ఊపిరికడ్డుపడును. వానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి, ఒంటరిగ విడువక, వెంటనే 108కి ఫోను చేయవలెను. దండన కలుగునను భయముతో ఫోను చేయని స్నేహితులుందురు. కావున ప్రాణము కాపాడుటకు పిలిచినవానిని శిక్షింపమని హాస్టలు అధికారులు చదువు మొదలగునాడే చాటవలెను.

ఏటేట విద్యార్థియు తల్లిదండ్రులును ర్యాగింగు గూర్చి ప్రతిజ్ఞాపత్రమీయవలెనని నియమము. ఇంగ్లీషు రాని తండ్రికి ఆ పత్రము ఉత్త కాగితమే. బండి యెక్కకమునుపే ఊరి ఉపాధ్యాయుడు దానిని ఆ యింటి భాషలో చదివి వినిపింపవచ్చును. రాత్రివేళ హాస్టలులో ఉండు వార్డెను పేరును, ఫోనును అడిగి వ్రాయించుకొనవచ్చును. దాని క్రిందనే ర్యాగింగు ఫిర్యాదుల సంఖ్య 1800-180-5522 వ్రాసి, ఒక ప్రతి పిల్లవాని పెట్టెలోను, ఇంకొకటి ఇంటి గోడమీదను ఉంచవచ్చును.