మూడేళ్ళు, మూడు ఉప్పెనలు: 1983–85 నాటి కచేరీ పని

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. మన ఉద్యోగ జీవితాల్లో అన్నిటికంటె ఊపిరాడని కాలం ఏదా అని ఆలోచించాను. రెవిన్యూలో పనిచేసిన మన వయసువారిని ఎవరిని కదిపినా 1983 నుంచి 85 దాకా అనే చెబుతారు. అప్పుడు నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. ఆనాటి రాజకీయాలమీద వ్రాసినవారు చాలామంది ఉన్నారు. కచేరీ బల్లమీద అవి ఎలా వచ్చి పడ్డాయో నాలుగు ముక్కలు నేను వ్రాస్తాను.

మొదటిది 1983 ఫిబ్రవరి. పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కి తగ్గిస్తూ కొత్త ప్రభుత్వం 8వ తేదీన ఉత్తర్వు ఇచ్చింది. 55 నిండినవారంతా 28వ తేదీన ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. రాష్ట్రం మొత్తంమీద 18 వేల పైచిలుకు ప్రభుత్వోద్యోగులు అలా వెళ్ళారు. తర్వాత వయస్సు మళ్ళీ 58 చేశారు, కోర్టు తీర్పులు వచ్చాయి, అదంతా సభ్యులకు తెలిసిందే. మిగిలిన మావంటివారికి జరిగిన నష్టం వేరు. ఏ పాత ఫైలు ఏ బీరువాలో ఏ కట్టలో ఉందో తెలిసిన తలలు ఒక్క సాయంత్రంతో వెళ్ళిపోయాయి. పూలదండలు వేసి సాగనంపాం. మర్నాడు వారి బల్లలమీది కాగితాలు మా బల్లలమీదికి వచ్చాయి.

రెండవది అసలైన ఉప్పెన. 1984 జనవరి 6న ఆర్డినెన్సు వచ్చి గ్రామ మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. పిల్లల కోసం కొంచెం చెప్పాలి. ఊళ్ళో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో అడంగల్‌లో వ్రాసేది కరణం. శిస్తు వసూలు చేసేది మునసబు. తాలూకా కచేరీకి కళ్ళూ చేతులూ వారే. ఈ సంగతి తెల్లదొరలకు 1921–22లోనే అనుభవమైంది. పెదనందిపాడు పన్నుల నిరాకరణలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి వెనుక నడిచిన ఆ ప్రాంతంలో గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చేసరికి వసూలు స్తంభించిపోయింది. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగేదాకా ప్రభుత్వం నానా తంటాలు పడింది. ఆనాడు వారంతట వారు మానుకున్నారు. 1984లో ప్రభుత్వమే వద్దంది. కచేరీలో కూర్చున్నవాడికి మాత్రం ఫలితం ఒకటే.

ఆ పద్ధతి పోవలసిందేనని నా అభిప్రాయం. ఊరందరి భూమి లెక్క వంశపారంపర్యంగా ఒకే ఇంటి అటకమీద ఉండడం సబబు కాదు. అయితే పాత గోడ పడగొట్టేముందు కొత్త గుంజ పాతాలి కదా! అది మిరప కోతల కాలం, శిస్తు వసూళ్ళ కాలం. 1393 ఫసలీ సగంలో ఉంది. ఊళ్ళనుంచి లెక్కలు గోనెసంచుల్లో వచ్చాయి. కొందరు పుస్తకం పుస్తకం అప్పజెప్పి రసీదు పుచ్చుకున్నారు. కొందరు అడిగినవి కొన్నే ఇచ్చారు. కొందరు కోర్టుకు వెళ్ళారు. ఆర్డినెన్సు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. ఈలోగా పత్తికి బ్యాంకు అప్పు కావలసిన రైతు అడంగల్ నకలు కోసం మా వరండాలోనే నిలబడ్డాడు. కరణంగారి అరుగుమీద తేలే పని కోసం పదిహేను మైళ్ళు బస్సెక్కి రావలసి వచ్చింది. వాళ్ళ కోపం న్యాయమైనదే.

నా పక్క సీటు గుమాస్తా చాలా నెమ్మదస్తుడు, అక్షరం ముత్యం. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చేవాడు, రాత్రి దీపాలు పెట్టినా వెళ్ళేవాడు కాదు. కొన్నాళ్ళకు తపాలు విప్పడం మానేశాడు. తీసి సొరుగులో పెట్టేవాడు. ఒకరోజు కట్టలమీద చెయ్యి వేసి అరగంట అలాగే నిలబడిపోయాడు. పిలిస్తే పలకలేదు. మెడికల్ లీవు పెట్టించి ఇంటికి పంపాము. పిరికివాడన్నారు కొందరు, పనిదొంగ అన్నవారూ ఉన్నారు. పనిభారం వల్ల మనిషి లోపల ఇలా చితికిపోవడాన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘బర్నౌట్’ పేరుతో తన వర్గీకరణలో చేర్చింది. అది జబ్బు అనలేదు, ఉద్యోగ సంబంధమైన పరిస్థితి అంది. 1984లో ఆ మాట మాకు తెలియదు.

మా కచేరీ గట్టెక్కింది ఒక పాత పుస్తకం వల్ల. మద్రాసు రాష్ట్రంనాటి డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్, టాటెన్‌హామ్ దొర పేరుమీద వచ్చిన పద్ధతి. పర్సనల్ రిజిస్టరును అందరం తిట్టుకున్నవాళ్ళమే. కొత్తగా వచ్చిన హెడ్ గుమాస్తాగారు కాగితాల గుట్టలవైపు చూడలేదు. ‘ఎవరి పి.ఆర్. వాళ్ళు తెండి’ అన్నారు. ఎన్ని పెండింగు అని కాకుండా, ఒక్కొక్కటి ఎవరి దగ్గర దేనికోసం ఆగిందని అడుగుతూ పోయారు. తీరా చూస్తే సగానికి పైగా కరెంట్లు పాత విషయాలమీద వచ్చిన రిమైండర్లే. వాటిని అసలు ఫైలుకు కుడితే గుట్ట సగం దిగింది. ఏడాదికి మించి దాచనక్కరలేనివి ఎల్.డిస్ చేసి కట్టేశాము. పదేళ్ళవి డి.డిస్, శాశ్వతమైనవి ఆర్.డిస్. ఎటూ తేల్చలేనివాటిని కాల్ బుక్కులోకి తోసెయ్యబోతే మాత్రం ఒప్పుకోలేదు.

‘అది అటక. ఎక్కించినవాడికి హాయి, దించేవాడికి చావు’ అనేవారు.

ఉదయం రైతుల నకళ్ళు, భోజనం తర్వాత ఫైళ్ళు అని గీత గీశారు. లీవులో ఉన్నవాడి సీటు ఒక్కరికే ఇన్‌చార్జి ఇవ్వకుండా అయిదుగురికి పంచారు. నాకు తెలిసి అన్నిటికంటె మేలు చేసింది అదే.

మూడవదాని గురించి ఎక్కువ చెప్పను. 1985 మే 25న తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. గుంటూరు జిల్లాకు 57, ప్రకాశానికి 56. జమాబందీ ముందు రికార్డులు పంచుకోవడం, ఒక బీరువా నాలుగు ఊళ్ళకు! మనుషులనూ పంచారు. నా పక్క సీటు ఆయన అప్పటికి కోలుకొని వచ్చాడు. కొత్త మండలంలో రికార్డు రూము తనే అడిగి తీసుకొని, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. ఆయన కట్టిన కట్టలకు చీటీ లేకపోవడం నేను చూడలేదు. ఇప్పుడు ఆయన లేరు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడినప్పుడు కుర్ర ఉద్యోగులిద్దరు మా ఇంటికి వచ్చారు. పాత ఫైళ్ళు ఏ జిల్లాకు ఎలా విడదీయాలి తాతగారూ అని అడిగారు. కంప్యూటరులో ఉన్నవి తేలికేనట, గుడ్డకట్టలే తేలడం లేదట. ముందు ఆర్.డిస్‌లు వేరుచెయ్యమని, ఒక కట్ట విప్పినరోజున రెండోది విప్పవద్దని చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను.