కథ, ఖిస్సా, కైఫియతు: ఉత్తరాంధ్ర వాడుకలో ఐతిహ్య పదాలు

ఒక సంగతి నిజమా, కల్పనా అని విచారించే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ సంగతి మనదాకా ఏ దారిన వచ్చినది? కథ, గాథ, పురాణం, ఇతిహాసం, ఐతిహ్యం, చరిత్ర అనే మాటల మధ్య ఉన్న భేదం చాలవరకు ఈ దారికి సంబంధించినదే. నేడు వీటిని ఒకదాని స్థానంలో మరొకటి వాడుతున్నాము. అందువల్ల కలిగే నష్టమేమిటో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఉదాహరణలతో పరిశీలిద్దాం.

పురాణం అనగా పాతది. ఇతిహాసం అనగా ‘ఇట్లు జరిగినది’ అని అర్థం. ఐతిహ్యం అనగా ‘ఇట్లని చెప్పుకొందురు’ అనే పరంపర. మొదట చెప్పిన వాడెవరో అందులో తెలియదు. ఈ మూడింటిలోనూ అబద్ధమనే అర్థం లేదు. ఆ అర్థం వాడుకలో వచ్చి చేరినది. ఆధారం లేని మాటను ‘పుక్కిటి పురాణం’ అంటాము. నమ్మించజూచే వానితో ‘కథలు చెప్పకు’ అంటాము. అయితే ఉత్తరాంధ్రలో కథ అనునది ఒక కళ పేరు కూడా. జముకు వాయిస్తూ చెప్పేది జముకుల కథ. హరికథా పితామహునిగా పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) బొబ్బిలికి సమీపాన అజ్జాడలో జన్మించినవారే. పారసీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను అనువదించిన పండితుడాయన. ఇక్కడ కథ అనే మాట చెప్పే పద్ధతిని తెలుపుతుందే కాని, చెప్పిన విషయం నిజమని గాని, కాదని గాని తీర్పు చెప్పదు.

అరబ్బీ పదాల విషయానికి వద్దాం. ఖిస్సా అనే మాటకు మూలధాతువు ‘అడుగుజాడలను అనుసరించి పోవుట’ అనే అర్థం గలది. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు ఖసస్ అనియే పేరు. దీనికి భిన్నమైనది అసాతీర్. ‘పూర్వుల అసాతీర్’ అనే మాట ఖుర్ఆన్‌లో తొమ్మిది చోట్ల వస్తుంది. అది తిరస్కారులు ఎగతాళిగా అన్న మాట. కనుక జాడ పట్టి చెప్పిన వృత్తాంతానికీ, పాత కట్టుకథ అనే నిందకూ ఖుర్ఆన్ వాడుకలోనే వేరు వేరు పేర్లున్నవి. తెలుగులో రెండింటినీ ‘కథలు’ అంటే ఆ భేదం చెరిగిపోతుంది. ప్రవక్తల కథలు, కాశీమజిలీ కథలు అని ఒకే మాట వినే పిల్లవానికి రెండూ ఒక కోవకు చెందినవే అనిపించడంలో ఆశ్చర్యమేమున్నది? ఖుర్ఆన్‌ను తెనిగించిన చిలుకూరి నారాయణరావు శ్రీకాకుళం ప్రాంతం వారే. ఆ పనికి పూనుకొన్న ప్రతి అనువాదకునికీ ఈ చిక్కు ఎదురవుతుంది. ‘వృత్తాంతం’ అనే మాట ఇందుకు తగినదని నా అభిప్రాయం.

అరబ్బీ నుండి తెలుగుకు వచ్చి అర్థం మార్చుకొన్న మాటలూ ఉన్నవి. హదీసు శాస్త్రంలో ఖబర్ అంటే చెప్పినవారి వరుసతో పరీక్షించవలసిన సమాచారం. అది తెలుగులో కబురైనది. బహువచనంలో కబుర్లై కాలక్షేపానికి దిగినది. అరబ్బీలోనూ ఉర్దూలోనూ చరిత్రకు పేరైన తారీఖ్ మనకు తేదీగా మాత్రమే మిగిలినది. కైఫియతు మాత్రం గౌరవం పొందినది. ‘ఎట్లు’ అని అడిగే కైఫ అనే మాట నుండి పుట్టిన ఈ పదం, కాలిన్ మెకంజీ (మరణం 1821) సేకరింపజేసిన గ్రామ వృత్తాంతాలకు పేరై తెలుగులో స్థిరపడినది. ఆ కైఫియతులలో శాసనాల సంగతులూ, ఊరివారి నోటిమాటలూ పక్కపక్కనే కనబడతాయి.

ఈ కొలతతో బొబ్బిలిని చూడండి. 1757 జనవరి 24న బుస్సీ సేనలు, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బలగాలు బొబ్బిలి కోటను పట్టుకొన్నవి. తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపినాడు. ఇది చరిత్ర. దీనినే గాయకులు బొబ్బిలి కథగా పాడినారు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రముగా కావ్యం చేసినాడు. 1964లో అది చలనచిత్రమైనది. విజయరామరాజు సోదరియే పైడితల్లిగా వెలసినదని విజయనగరం ప్రజలు చెప్పుకొనేది ఐతిహ్యం. సంఘటన ఒకటే, వచ్చిన దారులు అనేకం.

ఇందులో మనకు సంబంధించిన సంగతి మరొకటి ఉన్నది. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’కు గౌరవంగా పెద్దపులి, బెబ్బులి అని కోటకు పేరు పెట్టగా అదే బొబ్బిలి అయినదని చెబుతారు. ఇది ముస్లిం పోషకుని కీర్తించే ఐతిహ్యం. బొబ్బిలి యుద్ధ కథలోనేమో బుస్సీ దివాను హైదర్ జంగ్ కుట్రదారుగా నిలిచినాడు. మొదటిదానిని చూపి గర్వించేవారు రెండవదానిని కట్టుకథ అని తోసివేయడం న్యాయం కాదు. రెండవదానిని చూపి ఒక సమాజాన్నే నిందించడమూ న్యాయం కాదు. రెండింటినీ ఒకే త్రాసులో తూచవలెను.

శ్రీకాకుళం సంగతీ అంతే. సిక్కాల మూటలు విప్పిన చోటు కనుక ‘సిక్కా ఖోల్’, దాని నుండి సిక్కోలు అని చెప్పేది విని ఆనందించదగిన మాట. దానికి దాఖలా లేదు. అదే పట్టణంలో షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు దాఖలా గల విషయం.

ఈ పరీక్ష ఇతరుల పురాణాలకు మాత్రమే పరిమితం కారాదు. దర్గాల చుట్టూ అల్లుకొన్న కరామతు కథనాలకూ ఇదే కొలత వర్తిస్తుంది. క్రీ.శ. 1201లో మరణించిన ఇబ్నుల్ జౌజీ, ఖుస్సాస్ అనబడే కథకులను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాసి, కల్పిత రివాయతుల విషయంలో హెచ్చరించినారు. అయినా కథకుల వృత్తిని ఆయన పూర్తిగా కాదనలేదు.

కనుక పెద్దల నోట విన్న మాటను పారవేయవద్దు, చరిత్ర అని చాటనూ వద్దు. ఎవరు చెప్పినారు, ఎవరి వద్ద విన్నారు, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో అని వ్రాసి ఉంచండి. దాఖలా దొరికిననాడు అది చరిత్రలో చేరుతుంది. అందాక దానిని ఐతిహ్యం అనే పేరుతోనే గౌరవిద్దాం.