శాంతిపథ్‌లో జాలీ గోడ

ఉత్సవ సంచికల్లో రాయబారుల ఫోటోలకు కొదవుండదు. ఢిల్లీ చాణక్యపురి శాంతిపథ్‌లో అమెరికా రాయబార కార్యాలయం అరవై ఏళ్ళు దాటింది కదా, నాకు మాత్రం దాని గోడ గురించి రాయాలనిపించింది.

1956లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ శంకుస్థాపన చేశారు. భవనం 1959 జనవరిలో ప్రారంభమైంది. వాస్తుశిల్పి ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ లోపలి గోడలకు గాజు వాడారు. ఢిల్లీ ఎండ గాజుకు నేరుగా తగిలితే ఆ గదుల్లో కూర్చోవడం కష్టం. అందుకే చుట్టూ జాలీ, అంటే చిల్లుల గోడ, కట్టించారు. కప్పు కూడా రెండు పొరలు. పై పొర ఎండను అడ్డుకుంటుంది, కింది పొరకు చేరేలోపు వేడి మధ్యలోని ఖాళీలోంచి జారిపోతుంది. నడుమ నీటి తోట, దాని చుట్టూ గదులు. మండువా లోగిళ్ళలో పెరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

అలాగని ఏసీ లేకుండా గడిచిందనుకోకండి. జాలీ చేసిందల్లా ఏసీ మీద భారం తగ్గించడమే. నీళ్ళ చల్లదనమూ మే నెల పొడిగాలిలోనే. శ్రావణంలో గాలే చెమ్మగా ఉంటే నీరెక్కడ ఆవిరవుతుంది?

స్టోన్ లెక్కలోకి రానిది ఢిల్లీ పొగ. ఈ కార్యాలయమే గాలిలో పీఎం 2.5 అనే సన్నని ధూళి ఎంతుందో కొలిచి ఏళ్ళ తరబడి అందరికీ చెప్పింది. 2025 మార్చిలో నిధుల్లేవంటూ అమెరికా ఆ లెక్కలు ఇవ్వడం మానేసింది. లెక్క ఆగినా పొగ ఆగలేదు. దీపావళి తర్వాత తలుపులు బిగించుకుని, గాలిని యంత్రాలతో వడకట్టుకోవాల్సిందే. జాలీ మిగిల్చిన కరెంటులో కొంత అక్కడ ఖర్చయిపోతుంది.

2021లో 28 ఎకరాల ఆవరణలో కొత్త నిర్మాణాలకు పనులు మొదలయ్యాయి. నమూనా వైస్/మాన్‌ఫ్రెడి సంస్థది. స్టోన్ భవనాన్ని కూల్చకుండా బాగుచేసి వాడుకోవాలన్నది అందులో భాగం. కరెంటు ఆదాకు సౌర పలకలు పెట్టడం కన్నా నాకు ఈ నిర్ణయమే ముఖ్యంగా తోస్తుంది. ఆ పాత భవనపు సిమెంటుకూ ఇనుముకూ కావాల్సిన ఇంధనం ఎప్పుడో కాలిపోయింది. కూలిస్తే మళ్ళీ కాల్చాలి.

హైదరాబాదులో కథ వేరే దారి పట్టింది. 2008 నుంచి బేగంపేట పైగా ప్యాలెస్‌లో నడిచిన అమెరికా కాన్సులేట్, 2023 మార్చిలో 34 కోట్ల డాలర్లతో కట్టిన నానక్‌రామ్‌గూడ భవనానికి మారింది. వీసాల రద్దీ చూసినవారెవరూ ఆ మార్పును తప్పుపట్టరు. కొత్త భవనం కరెంటు ఎంత ఆదా చేస్తుందో లెక్క వేసేటప్పుడు, వెనక వదిలిన ప్యాలెస్‌ను ఎవరు ఎలా వాడుకుంటారన్నదీ అందులో కలపాలి.