బ్యాటరీ విప్పకుండా డీబగ్గింగ్

కొన్ని బగ్గులుంటాయి చూడండీ, డీబగ్గర్ తగిలించగానే మాయమైపోతాయి, తీసెయ్యగానే మళ్ళీ ప్రత్యక్షం. బ్యాటరీ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి అలాంటి బగ్గుతోనే వేగారు.

1970లలో ఎక్సాన్‌లో స్టాన్లీ విటింగ్‌హామ్ రీఛార్జి చేసుకునే లిథియం బ్యాటరీ తయారుచేశాడు. ఒక పక్క టైటానియం డైసల్ఫైడ్, రెండో పక్క లిథియం లోహం. చిక్కల్లా ఛార్జి చేసేటప్పుడే. తిరిగొచ్చే లిథియం చదునుగా పరుచుకోదు, నాచులా, ముళ్ళలా పెరుగుతుంది. ముల్లు అవతలి ఎలక్ట్రోడుని తాకిందా, షార్ట్ సర్క్యూటే! 1989లో జపాన్‌లో సెల్‌ఫోన్ మంటలతో కెనడాకి చెందిన మోలి ఎనర్జీ తన లిథియం లోహపు బ్యాటరీల్ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

అప్పుడు పరిశ్రమ చేసిందేమిటి? మనం చేసేదే, వర్కరౌండ్! లోహాన్నే తీసేశారు. గుడెనఫ్ బృందం 1980లో చూపిన కోబాల్ట్ ఆక్సైడ్‌కి, 1985లో యోషినో కార్బన్‌ని జతచేశాడు. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2019లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. వర్కరౌండ్‌కి నోబెలేంటని నవ్వకండి, మీ లాప్‌టాప్ నడుస్తోంది దానిమీదే.

మరి ఆ నాచు సంగతి? సెల్ విప్పి చూద్దామంటే లిథియం గాలి, తేమ తగిలితే మారిపోతుంది. ఛార్జి అవుతుండగా లోపలేం జరుగుతోందో విప్పితే తెలియదు.

దారి వేరే చోట దొరికింది. 1946లో బ్లాక్, పర్సెల్ విడివిడిగా కనిపెట్టిన అయస్కాంత అనునాదం మనకి ఆసుపత్రి ఎమ్మారైగా పరిచయమే. 1949లో వాల్టర్ నైట్ ఒక వింత గమనించాడు. అదే మూలకమైనా, లోహంలో ఉంటే సంకేతం పక్కకి జరుగుతుంది. దీన్ని నైట్ షిఫ్ట్ అంటారు (మన నైట్ షిఫ్ట్ కాదు లెండి). లిథియం లవణాల సంకేతం సున్నా దగ్గరుంటే, లోహానిది మిలియన్‌కి దాదాపు 250 వంతుల దూరంలో ఉంటుంది. రెండూ కలగాపులగం కావు. పైగా రేడియో తరంగాలు లోహంలోకి పదీ ఇరవై మైక్రాన్లకి మించి పోలేవు. అంచేత మందపాటి రేకు పైపొర మాత్రమే కనిపిస్తుంది, సన్నటి నాచు మాత్రం మొత్తం కనిపిస్తుంది.

2010లో క్లేర్ గ్రే బృందం ఈ కిటుకుతోనే, అయస్కాంతంలో పెట్టిన సెల్‌ని ఛార్జి చేస్తూ, నాచు ఎంత పెరుగుతోందో లెక్కగట్టింది. విప్పకుండా, ఆపకుండా.

నా గోలంతా ఒకటే. వర్కరౌండ్ పెట్టి టికెట్ మూసేయడం తప్పు కాదు, కానీ బగ్ చచ్చిందనుకోవడం తప్పు. చలిలో హడావిడిగా ఛార్జి చేస్తే నేటి సెల్‌లోనూ లిథియం లోహం పేరుకుంటుంది. ఎక్కువ శక్తి కోసం లోహపు బ్యాటరీల్ని మళ్ళీ తేవాలని ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు కూడా. పాత టికెట్ మళ్ళీ తెరిచారన్నమాట. కాకపోతే ఈసారి చేతిలో డీబగ్గర్ ఉంది.

మీరు మూసేసిన టికెట్లలో ఇలాంటివెన్ని?