పూడ్చినందుకే మిగిలింది: మెక్సికో నగరంలో టెంప్లో మయోర్ శిథిలాలు

మెక్సికో చరిత్రను 1521 దగ్గర రెండుగా తెగ్గొట్టి చెప్పడం మామూలు. ఆ ఏడాది ఆగస్టు 13న స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్తెస్, అతని పక్షాన పోరాడిన త్లష్కాలా తదితర స్థానిక సైన్యాలు తెనోచ్‌తిత్లాన్ నగరాన్ని వశం చేసుకున్నాయి. అంతటితో ఒక నాగరికత ముగిసి మరొకటి మొదలైందని చదువుకున్నాం. రాజ్యాధికారం వరకు ఆ మాట నిజమే. కట్టడాల విషయానికి వస్తే అది నిలవదు. గెలిచినవాళ్లు పాత గుళ్లను కూల్చారు, పునాదుల్ని పూడ్చారు, వాటి మీదే తమ నగరం కట్టుకున్నారు. అలా పూడ్చినందుకే అడుగున ఉన్నది మనదాకా వచ్చింది. నగరం నడిబొడ్డున ఉన్న టెంప్లో మయోర్, అంటే మహాలయం, ఇందుకు గట్టి ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అజ్టెక్‌లుగా మనం పిలిచే మెషీకా ప్రజలు 1325లో తెష్కోకో సరస్సులోని ఒక దీవి మీద ఊరు కట్టుకున్నారని వారి సంప్రదాయ గాథలు చెబుతాయి. ఆ ఊరి మధ్యలో మెట్ల పిరమిడ్ మీద జంట గుళ్లు ఉండేవి. దక్షిణపు గుడి యుద్ధదేవుడు విట్సిలోపోచ్‌ట్లిది, ఉత్తరపు గుడి వానదేవుడు త్లాలోక్‌ది. ఆలయాన్ని పెంచాలనుకున్నప్పుడు మెషీకాలు పాతదాన్ని పూర్తిగా పడగొట్టలేదు. దాని చుట్టూ మట్టీ రాయీ నింపి, పైన కొత్త పిరమిడ్‌ను తొడిగారు. ఇలా ఏడు ప్రధాన దశలు గుర్తించారు. స్పెయిన్‌వారి గునపాలకు ఎక్కువగా బలైంది పై తొడుగులే. చివరి దశలో ఇప్పుడు మిగిలింది చాలా తక్కువ. లోపల దాగిన రెండో దశ మాత్రం గుడి గోడలతో సహా దక్కింది. త్లాలోక్ గుడి ముందు వెల్లకిలా ఆనుకుని కూర్చున్న చాక్‌మూల్ విగ్రహం మీద రంగులు నేటికీ కనిపిస్తాయి. అంటే ఈ ఆలయాన్ని మొదట పూడ్చింది, మొదట కాపాడింది కూడా మెషీకా శిల్పులే.

విడగొట్టిన రాళ్లు వలస నగరం గోడల్లోకి చేరాయి. పీనో స్వారెస్ వీధిలో ఒక పాత ప్రభువుల భవనం మూలరాయిగా మెషీకాల నాటి పాము తల ఉంది. ఇప్పుడు ఆ భవనం నగర మ్యూజియం. దారిన పోయేవారెవరైనా దాన్ని చేత్తో తాకవచ్చు. ఇంతకన్నా ఆలోచింపజేసేవి కొన్ని స్తంభ పీఠాలు. మెషీకా శిల్పులు కొన్ని విగ్రహాల అడుగుభాగాన, ఎవరికీ కనిపించని చోట, భూదేవత త్లాల్‌తెకూత్లి రూపం చెక్కేవారు. ఆ రాళ్లను క్రైస్తవ కట్టడాలకు స్తంభ పీఠాలుగా మలిచినప్పుడు కొన్నిటి అడుగున ఆ రూపం అలాగే ఉండిపోయింది. అది భక్తితో వదిలిందా, శ్రమ తగ్గించుకోవడానికి వదిలిందా అన్నది రాయి చెప్పదు. అయితే రాయిని నాలుగు వైపులా తిప్పి చెక్కిన మనిషి దాన్ని చూడకుండా ఉండడం అసాధ్యం. ఆ రూపం భూమి వైపే మొహం పెట్టి ఉండాలన్న పాత నియమం కొత్త మతం నీడలోనూ నెరవేరింది.

1521 కూల్చివేత మొదటి ఘట్టమైతే, రెండో ఘట్టం 1790. వైస్రాయ్ రెవిల్యాహిహేదో హయాంలో ప్రధాన కూడలిని చదును చేస్తుండగా ఆగస్టులో కొవత్లిక్వే దేవత భారీ విగ్రహం, డిసెంబరులో సూర్యశిల బయటపడ్డాయి. రెండింటి గురించీ ఆంతోనియో దె లెయోన్ ఇ గామా 1792లో పుస్తకం ప్రచురించాడు. పండితుడి దృష్టిలో రెండూ సమానమే. పాలకులు మాత్రం వాటిని ఒకేలా చూడలేదు. దాదాపు 3.6 మీటర్ల వ్యాసమున్న సూర్యశిలలో కాలగణన శాస్త్రం కనబడింది కనుక దాన్ని కేథడ్రల్ గోపురానికి ఆనించి అందరికీ కనిపించేలా నిలబెట్టారు. 1885లో మ్యూజియానికి చేరేవరకు అది అక్కడే ఉంది. పాముల పావడా, పుర్రె పతకం ధరించిన కొవత్లిక్వేను మొదట విశ్వవిద్యాలయానికి తరలించారు. స్థానికులు దానికి పూజలు మొదలుపెడతారన్న భయంతో మళ్లీ పాతిపెట్టారు. 1803లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ చూడాలని కోరితే తవ్వితీసి, ఆయన చూశాక తిరిగి పూడ్చారు. విజ్ఞానంగా చదవగలిగితే ప్రదర్శన, దైవంగా కొలిచే ప్రమాదముంటే పాతర: వారసత్వాన్ని ఏరుకునే ఈ పద్ధతి ఆ కాలంతోనే పోయిందని నేననుకోను.

మూడో ఘట్టం 1978 ఫిబ్రవరిలో మొదలైంది. విద్యుత్ శాఖ కార్మికులు కేథడ్రల్ వెనుక వీధి మూలలో తవ్వుతుండగా మూడు మీటర్లకు పైగా వ్యాసమున్న చెక్కుడు రాయి తగిలింది. దాని మీద ఉన్నది చంద్రదేవతగా పలువురు భావించే కొయోల్‌శౌకి. తల, చేతులు, కాళ్లు తెగి పడిన స్త్రీ రూపం. పురాణం ప్రకారం తల్లి కొవత్లిక్వేను చంపబోయిన ఈమెను, అప్పుడే పుట్టిన తమ్ముడు విట్సిలోపోచ్‌ట్లి ఖండించి కొండ మీద నుంచి కిందికి విసిరేశాడు. రాయి దొరికిన చోటు సరిగ్గా ఆ దేవుడి గుడి మెట్ల పాదం. పిరమిడే ఆ కొండ. పైన బలి ఇచ్చిన శరీరాలు దొర్లి పడింది ఈ రాయి మీదికే. కథ, కట్టడం, క్రతువు మూడూ ఒకే చోట కలిశాయి. ఎదువార్దో మాతోస్ మోక్తెసూమా నాయకత్వంలో పూర్తిస్థాయి తవ్వకాలు సాగాయి, 1987లో మ్యూజియం తెరిచారు. అందుకోసం పైనున్న తర్వాతి కాలపు భవనాలు కొన్ని నేలమట్టమయ్యాయి. ఒక పొరను చూపాలంటే మరో పొరను పోగొట్టుకోక తప్పలేదు.

పూడ్చినది నిర్జీవంగా పడి ఉందనుకోవడమూ పొరపాటే. 1573లో మొదలై 1813లో పూర్తయిన కేథడ్రల్ సరస్సు అడుగు బంకమట్టి మీద నిలిచింది. భూగర్భ జలాలు తోడేకొద్దీ ఆ మట్టి కుంగుతోంది. అయితే అంతటా ఒకేలా కుంగడం లేదు. పాత ఆలయాల బరువుకు శతాబ్దాల పాటు గట్టిపడిన నేల తక్కువ దిగుతుంది, పక్కనున్న మెత్తని నేల ఎక్కువ దిగుతుంది. అలా కేథడ్రల్ వంకర తిరిగింది. 1990లలో ఇంజనీర్లు లోతైన గుంతలు దించి, ఎత్తుగా ఉన్న భాగాల కింద నుంచి మట్టి కొద్దికొద్దిగా తీసి దాన్ని సరిదిద్దారు. ఆ గుంతల్లో పురావస్తు శాస్త్రజ్ఞులకు మెషీకా అవశేషాలు దొరికాయి.

2006లో టెంప్లో మయోర్ పక్కనే త్లాల్‌తెకూత్లి ఏకశిల బయటపడింది. 2015లో సమీప వీధిలోని ఒక పాత భవనం కింద పుర్రెల వేదిక దొరికింది. ఇంకా చాలా భాగం వీధుల కింద, వలసకాలపు ఇళ్ల కింద ఉంది. దాన్నంతా వెలికితీయడానికి పై నగరాన్ని తొలగించాలన్న వాదన సరికాదు. మరమ్మతులకు నేల తెరిచినప్పుడల్లా ముందు పురావస్తు పరిశీలన జరిపే పద్ధతి అక్కడ 1990ల నుంచి అమల్లో ఉంది. ఆలస్యమైనా ఏ పొరనూ బలి ఇవ్వని దారి అదే.